వనభోజనాలకు వచ్చిన తిమింగలాలు

"నీ గొంతు వింటే సముద్రంలో చేపలు కూడా పారిపోతాయే."

"మరి నువ్వెందుకు పారిపోలేదు?"

నేనూ నా మొగుడూ ఆఖరుసారి మాట్లాడుకున్నది ఇదీ. మొదటి మాట ఆయనది, రెండోది నాది. మా ఇంట్లో రెండో మాట ఎప్పుడూ నాదే. ఆయన చెప్పులేసుకుని, మకాన్ డబ్బా, అదే అన్నం డబ్బా, చంకలో పెట్టుకుని, నవ్వుకుంటూ లిఫ్టు ఎక్కాడు. మధ్యాహ్నానికి పడవ మీదే గుండె ఆగి నిజంగానే పారిపోయాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా మాట విన్నది అదొక్కసారే.

"ఇది కూడ రాయాల్నా అత్తమ్మా?" అని అడుగుతోంది మా కోడలు.

రాయి. ముందు అదే రాయి.

నాకు సంతకం వచ్చు, బస్సు నంబర్లు వచ్చు. మిగిలిన అక్షరాలకీ నాకూ చిన్నప్పుడే చెడింది. ఇక్కడి తెలుగువాళ్ళు ఏటా వేసే పుస్తకానికి ఆ తిమింగలాల సంగతి రాసిమ్మన్నారని కోడలు కాగితాలు పట్టుకుని కూర్చుంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలని ముందే షరతు పెట్టాను. ఎందుకంటే ఆ రోజు తప్పు చేసినవాళ్ళం ఇద్దరం. ఒకరు నేను. రెండోవాళ్ళ చేతిలో ఇప్పుడు పెన్ను ఉంది.

మా ఆయన తాతలు తెల్లవాళ్ళ కాలంలో విశాఖపట్నం నుంచి ఓడెక్కి సింగపూరు వచ్చినవాళ్ళు. ఆయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మాట్లాడేది సగం తెలుగు, సగం మలయ్. పెళ్ళికి మాత్రం పిల్ల అటునుంచే కావాలన్నారు. నేను భీమిలి పక్కన చేపలు పట్టేవాళ్ళ ఇంటి పిల్లని. మా నాన్నకి మగపిల్లలు లేరు. ఏడేళ్ళప్పటి నుంచీ తెప్ప ముందు కొసన నన్నే కూర్చోబెట్టేవాడు. నాకు రెండు పనులు. ఒడ్డుకి వచ్చేటప్పుడు అలల హోరు మీదుగా కేక వెయ్యాలి, తెప్ప లాగడానికి జనం రావాలి కదా. ఈ గొంతు అక్కడ తయారైంది. రెండోది, నాన్న వల వేశాక నేను చేపల వెనక నుంచి తెడ్డుతో తెప్ప దుంగని కొట్టాలి. టక్కు, టక్కు, టక్కు. చెక్క మీద దెబ్బ నీళ్ళలో ఎంతో దూరం పోతుంది. చేప దానికి దూరంగా జరుగుతుంది, జరిగి వలలో పడుతుంది. "చేపకి దారి చూపించక్కర్లేదే, దాని వెనక నిలబడితే చాలు" అనేవాడు నాన్న. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మా ఆయన తూర్పు కొసన, సముద్రంలో తేలే చేపల పెంపకం దగ్గర పడవ నడిపేవాడు. ఆయన పోయాక కొడుకు నన్ను జురాంగ్ వెస్ట్‌లో వాళ్ళ ఫ్లాటుకి తీసుకొచ్చాడు. కోడలిది నిజామాబాదు వైపు. చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకు పని. మంచి పిల్ల. పెన్ను దాని చేతిలో ఉందని కాదు, నిజంగానే మంచిది. దానికి నాతో ఉన్న ఇబ్బందల్లా ఒక్కటే.

"అత్తమ్మా, జర మెల్లగ మాట్లాడుండ్రి. పక్కింటి ఆంటీ మల్ల మెసేజ్ పెట్టింది."

"ఏటని పెట్టింది?"

"మన ఇంట్ల లొల్లి అయితున్నదా అని."

"లొల్లేటే? నాను ఉప్పు అడిగినాను."

అలా మూడేళ్ళు తగ్గించుకుంటూ వచ్చాను. ఫోను తగ్గించినట్టు ఒక్కొక్క మెట్టు. చివరికి కుళాయి తిప్పితే నా మాట నాకే వినపడేది కాదు. ఆయన మాట ఒకటి అడ్డం పడి ఉంది కదా గొంతులో, అందుకని నేనూ గొడవ పెట్టుకోలేదు. సముద్రం వైపు కూడా మూడేళ్ళు వెళ్ళలేదు.

కార్తీకమాసం వచ్చింది. తెలుగువాళ్ళు వనభోజనాలు పెట్టుకున్నారు. ఎక్కడా అంటే, సరిగ్గా ఆ తూర్పు కొసన ఉన్న సముద్రపు పార్కులో. నేను రానన్నాను. కోడలు ఊరుకోలేదు. పాతిక మందికి సరిపడా పులిహోర ఒప్పుకుని వచ్చేసింది, చేసేది మాత్రం నేను. పొద్దున్నే పెద్ద గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పి, ఈ కొస నుంచి ఆ కొసకి గంట పైన రైల్లో కూర్చున్నాను. రైల్లో తినకూడదు. వాసన చూడకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. రెండు స్టేషన్లు దాటేసరికి పెట్టె అంతా ఇంగువ. ఎదురుగా ఉన్న చైనా ముసలాయన గిన్నె వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ గిన్నె వంక చూశాడు. కోడలు నాలుగు సీట్ల అవతల కూర్చుని నేనెవరో తెలియనట్టు ఫోను చూసుకుంటోంది.

"అట్ల ఏం లేదు, అక్కడ సీటు లేకుండె" అంటోంది. సరే, అదీ రాయి.

వనభోజనం ఉసిరిచెట్టు కింద చెయ్యాలి. ఆ పార్కులో కొబ్బరిచెట్లు, మడచెట్లు ఉన్నాయి కానీ ఉసిరిచెట్టు ఏది? ఒకాయన తన బాల్కనీలో పెంచిన ఉసిరి మొక్కని కుండీతో సహా ట్యాక్సీలో తెచ్చాడు. అది నా మోకాలంత ఉంది. దాన్ని స్టూలు మీద పెట్టి, కుంకుమ పెట్టి, దాని కింద నూటయాభై మంది కూర్చున్నామని అనుకున్నాం.

పార్కు పక్కన ఒక నది సముద్రంలో కలుస్తుంది. నది అంటే మన నదులంత కాదు, కాలవకి పెద్దక్క. ఉప్పునీళ్ళు, రెండు పక్కలా మడచెట్లు. సరిగ్గా సముద్రంలో కలిసే చోట నది మీద చెక్క వంతెన ఉంది. రాత్రి వాన పడి గడ్డి తడిగా ఉందని, వెనక సముద్రం ఉంటే వీడియో బాగుంటుందని, ఆడవాళ్ళు ఇరవై మంది ఆ వంతెన ఎక్కి కోలాటం మొదలుపెట్టారు. మధ్యలో నిలబడి వేయించేది మా కోడలు. వంతెన మీదే ఆ చివర చాపలు పరుచుకుని మగవాళ్ళు పేకాట.

ఆ వంతెన మీద నిలబడితే ఎదురుగా చేపల పెంపకం తెప్పలు కనిపిస్తాయి, ఆయన పనిచేసిన చోటు. నేను అటు చూడదలచుకోలేదు. గరిటెలు కడుగుతానని వంకపెట్టి, నది వెంట పైకి నడిచాను.

మలుపు తిరిగేసరికి రిబ్బను కట్టి ఉంది. బూట్లకి బురద అంటిన ఒక చైనా పిల్ల, జంతువుల సంరక్షణ చూసే ఉద్యోగి, అడ్డం వచ్చింది.

"ఆంటీ, సారీ లా. నో గోయింగ్ ఇన్‌సైడ్."

ఎందుకో అని నీళ్ళ వంక చూశాను. నల్లటి వీపు ఒకటి లేచింది. మా ఇంట్లో సోఫా కంటే కొంచెం పెద్దది. ఫూ అని ఊపిరి వదిలి మునిగింది. దాని పక్కనే సగం సైజుది ఇంకొకటి, ఫుస్సుమని చిన్న ఊపిరి.

"బిగ్ ఫిష్" అన్నాను.

"నాట్ ఫిష్, ఆంటీ. వేల్. స్మాల్ కైండ్. మదర్ అండ్ బేబీ."

తిమింగలం అంటే పర్వతమంత ఉంటుందని అనుకునేదాన్ని. మనుషుల్లో నాలాంటి పొట్టివాళ్ళున్నట్టే వాటిలోనూ ఉన్నాయట. నా ముక్కల ఇంగ్లీషు, నాకొచ్చిన బజారు మలయ్ కలిపి అడిగితే ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. తెల్లవారుజామున పోటుతో పాటు లోపలికి వచ్చేశాయి. ఇప్పుడు ఆటు మొదలైంది. గంట దాటితే నది అడుగున బురదే మిగులుతుంది. నీళ్ళు తగ్గితే వాటి బరువే వాటి ఊపిరి తీస్తుంది, ముందు చిన్నదానిది. పడవ వస్తోంది కానీ ఇంత లోతులేని చోటికి రాలేదు. అవి వాటంతట అవే పోవాలి. మూడుసార్లు వంతెన దాకా వెళ్ళాయి, మూడుసార్లూ వెనక్కి వచ్చేశాయి. ఎందుకో తెలియడం లేదు.

నేను రిబ్బను ఇవతల గట్టు మీద కూర్చున్నాను. ఇక్కడికి పాట వినపడదు, మడచెట్లు మింగేస్తాయి. కానీ కర్రలు వినపడుతున్నాయి, కాళ్ళు వినపడుతున్నాయి. కోలాటం ఆగింది. తల్లీపిల్లా తల తిప్పి సముద్రం వైపు కదిలాయి. పాట మారినట్టుంది, మళ్ళీ మొదలైంది. ధన్ ధన్ ధన్. అవి చటుక్కున వెనక్కి తిరిగి మా వైపు వచ్చేశాయి. నా కుడి అరచేయి దురద పెట్టింది. యాభై ఏళ్ళ క్రితం తెడ్డు పట్టుకున్న చేయి.

ఇరవై మంది ఆడవాళ్ళు నలభై కాళ్ళతో నది నోట్లో నిలబడి తెప్ప కొడుతున్నారు. లోపలికి, లోపలికి అని.

గరిటెలు అక్కడే పడేసి వెనక్కి ఉరికాను.

"ఓలే, ఆపండే."

"ఒక్క నిమిషం అత్తమ్మా, వీడియో అయితున్నది."

"మీ గెంతులకి తిమింగలాలు ఎనక్కి తిరిగిపోతన్నాయే."

అందరూ నవ్వారు. ఒకావిడ, పట్టుచీర, నల్లకళ్ళజోడు, అంది: "తిమింగలాలకి మన కోలాటం నచ్చలేదా పిన్నిగారూ?"

"నాకే నచ్చలేదు, వాటికేటి నచ్చుతాది?"

కోడలు మాత్రం నవ్వలేదు. నా ముఖం చూసి కర్రలు దించింది. నేను రెండు ముక్కల్లో చెప్పాను. దాని ముఖం పాలిపోయింది. మెల్లగా అందరినీ మునివేళ్ళ మీద దింపింది. అంతవరకూ తప్పు వాళ్ళది. ఇక నాది.

పేకాటవాళ్ళు కదలలేదు. చుట్టూ చూసేవాళ్ళు, పిల్లలు, మొత్తం ముప్ఫైమంది దాకా ఉన్నారు.

"మేం పొద్దున్నే టిష్యూ పాకెట్టు పెట్టి చోప్ చేసుకున్నాం పిన్నీ. ఇది మా చోటు" అన్నాడొక పెద్దమనిషి, పేకలోంచి తలెత్తకుండా. ఇక్కడ టిష్యూ పాకెట్టు పెడితే సీటు మీద రుమాలు వేసినట్టే.

బతిమాలే టైము లేదు. నాకు తెలిసిన మంత్రం వేశాను.

"గారెలు అయిపోతన్నాయి నాయనా."

మరుక్షణం ముప్ఫైమందీ లేచారు. లేచి నడిస్తే బాగుండేది. పరిగెత్తారు. చెక్కల మీద అరవై చెప్పులు. వంతెన మొత్తం డోలులా మోగింది. నేను కమ్మీ మీదుగా కిందికి చూసేసరికి తల్లి తల సరిగ్గా స్తంభాల ముందు ఉంది, ఇంకో రెండు బారలు వస్తే బయటపడేది. ఆ దెబ్బకి నీళ్ళు చీల్చుకుంటూ వెనక్కి తిరిగింది. పిల్ల దాని వెంటపడి, దారి తప్పి బురద గట్టుకి గుద్దుకుని, గిలగిలా కొట్టుకుని ఎలాగో జారింది. రెండూ మలుపు దాటి, ఇందాకటి కంటే ఇంకా పైకి పోయాయి.

నా నోటితో నేనే తరిమాను. ఆయన అన్నమాట అప్పుడు గుర్తొచ్చింది, చెంపదెబ్బలా.

బూట్ల పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. కోప్పడలేదు. వాచీ చూసుకుని "థర్టీ మినిట్స్, ఆంటీ. మేబీ లెస్" అంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళున్నాయి. నా కళ్ళలో సిగ్గు ఉంది.

అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. దాని వెనక నిలబడితే చాలు.

"పైన ఇంకో వంతెన ఉందా?" అని అడిగించాను కోడలి చేత. ఉంది, అదీ చెక్కదే, తిమింగలాలకి వెనకవైపు. "అయితే వీళ్ళని అక్కడ ఆడించు" అన్నాను. కోడలు ఇంగ్లీషులో చెప్పింది. ఆ పిల్ల నా వంక ఒక్క క్షణం చూసి, ఫోనులో పై అధికారితో మాట్లాడింది. వాళ్ళూ పడవల్లోంచి ఇనప గొట్టాలు నీళ్ళలోకి దించి కొడతారట, ఇలాంటప్పుడు. మేము కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కానీ గొట్టాలు వచ్చే పడవ ఇంకా రాలేదు. మెల్లగా కొట్టాలి, ఆపమన్న క్షణం ఆపాలి అన్నారు. స్తంభాల మధ్య తల్లి బెదిరిందంటే పిల్ల నలిగిపోతుంది. కాబట్టి అవి కింది వంతెన దగ్గరికి చేరగానే పైన ఆట ఆగిపోవాలి. మలుపు వల్ల పైనుంచి కింది వంతెన కనిపించదు. అక్కడ ఎవరో ఒకరు కాపు ఉండి చెప్పాలి.

"ఐ గివ్ ఆంటీ మై నంబర్" అంది ఆ పిల్ల ఫోను తీస్తూ.

మా కోడలు అంది: "నో నీడ్. మై మదర్ ఇన్ లా డజంట్ నీడ్ ఫోన్."

నేను దాని ముఖం చూశాను. అది నవ్వకుండా, "అత్తమ్మా, ఇయ్యాల మెల్లగ మాట్లాడకుండ్రి" అంది.

కొట్టేశావా ఆ మాట? రాశావా? సరే.

గారెల దగ్గరున్నవాళ్ళందరినీ చెప్పులు విప్పించి గడ్డి మీద కూర్చోబెట్టారు. తింటూ ఉంటే మనవాళ్ళు నిశ్శబ్దంగానే ఉంటారు. కోలాటం వాళ్ళు పైకి వెళ్ళారు. నేను ఒక్కదాన్నీ ఉత్తకాళ్ళతో కింది వంతెన మధ్యకి వెళ్ళి, చెక్కల మీద బోర్లా పడుకున్నాను. చెవి చెక్కకి ఆనించాను.

కాసేపు ఏమీ లేదు. తల అటే ఉంది కాబట్టి సముద్రం చూడక తప్పలేదు. చేపల పెంపకం తెప్పలు వరసగా ఉన్నాయి. ఒక పడవ కట్టేసి ఉంది. ఆయనది కాదు, ఆయనదానికి నీలం రంగు. నేను ఊహించుకున్నంత భయంగా ఏమీ లేదు. మామూలు సముద్రం, మామూలు ఎండ. అక్కడెవరో బనియను ఆరేసుకున్నారు.

అప్పుడు చెవిలో పడింది. టక్కు. టక్కు. టక్కు. నెమ్మదిగా, ఒద్దికగా. ఇరవై మంది ఆడవాళ్ళు ఒక్క కాలు వేసినట్టు వేస్తున్నారు. ఆ పిల్ల ఇంత బాగా వేయిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇది నేను పొగుడుతున్నాను, తలదించుకోకుండా రాయి.

మలుపులో వీపు లేచింది. ఫూ. దాని పక్కన ఫుస్. నీళ్ళు బాగా తగ్గిపోయాయి, తల్లి పొట్ట రాసుకున్న చోటల్లా బురద మబ్బులా లేస్తోంది. వస్తున్నాయి. ఇరవై బారలు. పది. తల్లి స్తంభాలు చూసి ఆగింది. పిల్ల దాని కిందకి దూరింది. వెనక టక్కు, టక్కు వస్తూనే ఉంది. తల్లి తోక బిగిసింది. ఇప్పుడు ఆపించాలి.

నోరు తెరిచాను. గాలి వచ్చింది. గొంతు రాలేదు.

మూడేళ్ళు తుప్పు పట్టించాను కదా. మళ్ళీ ప్రయత్నిస్తే పిల్లి కక్కినట్టు ఒక చప్పుడు. తల్లి స్తంభానికి భుజం రాసుకుంది, వంతెన నా కింద కదిలింది. నేను లేచి మోకాళ్ళ మీద కూర్చుని, ఇది ఫ్లాటు కాదు, ఇది తెప్ప, అది ఒడ్డు అనుకున్నాను. పొత్తికడుపు నుంచి లాగాను.

"ఓలమ్మా, ఆపండేయ్."

కొబ్బరిచెట్టు మీద కాకులన్నీ లేచిపోయాయి. గడ్డి మీద ఒకాయన చేతిలో గారె జారిపోయిందట, తర్వాత చెప్పారు. పైన కోలాటం కత్తితో కోసినట్టు ఆగింది. నా కింద చెక్కల సందుల్లోంచి నల్లటి వీపు జారింది, దాని మీద తెల్లగా ఒక గీత. పొట్టకి అతుక్కున్నట్టు పిల్ల. ఆ తర్వాత వెలుతురు, ఆకుపచ్చ నీళ్ళు. దూరంగా ఒక ఫూ, ఒక ఫుస్. మళ్ళీ ఇంకా దూరంగా ఒక ఫూ. రెండోది వినపడదేమో అని ఊపిరి బిగబట్టాను. వినపడింది.

నేను తెప్పల వైపు తిరిగి అన్నాను: "పారిపోనాయి. సూసినావా?"

ఈసారి మొదటి మాట నాది. రెండోది ఆయన అనాలి. కాసేపు ఆగి చూశాను. పోనీలే అని లేచి చీర దులుపుకున్నాను.

బూట్ల పిల్ల వచ్చి నన్ను వాటేసుకుంది. కోడలి చేత నాకో మాట చెప్పించింది: గాలిలో వేసిన కేక నీళ్ళలోకి పెద్దగా పోదట, తల్లి వెళ్ళింది కోలాటం ఆగినందుకేనట. చదువుకున్న పిల్ల. "ఓకే, ఓకే" అన్నాను. ఎవరి వల్ల పారిపోయాయో తెలియాల్సిన మనిషికి తెలుసు.

గారెలు మాత్రం నిజంగానే అయిపోయాయి. పేకాట పెద్దమనిషి అది నా శాపమని ఇప్పటికీ అంటాడు. తిరుగు రైల్లో ఖాళీ గిన్నె కోడలు ఒళ్ళో పెట్టుకుని నా పక్కనే కూర్చుంది. ఈ సంగతి నేను దాచలేదు, చూశావా? పక్కింటి ఆంటీ నిన్న కూడా మెసేజ్ పెట్టింది. మా కోడలు దానికి ఏమని జవాబిచ్చిందో అడిగితే చెప్పడం లేదు.

అయిపోయింది. కలం కింద పెట్టు. నేను ఇంత చెప్పాను, నీ కాగితాలు చూస్తే అన్ని లేవు. ఏదీ, మొదటి నుంచి చదువు. రైలు సంగతి మింగేశావో, కోలాటం సంగతి మింగేశావో నాకు తెలియాలి. ఆయన మాట ఆయనలా చదువు, నా మాట నాలా చదువు. గట్టిగా చదవవే, కుళాయి తిప్పి ఉంది.